కొసరుకిచ్చిన ఆట

ఉప్మా చల్లారిపోతోంది. సుగుణమ్మ రెండుసార్లు పిలిచింది, మూడోసారి పిలవడం మానేసి గిన్నె మీద గరిటెతో గట్టిగా కొట్టింది. రవళి ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"తిన్నంక చూస్కోరాదే. గంత మునిగిపోయేదేమున్నదందుల?"

"మునిగేది మునగనే మునిగిందమ్మా," అంది రవళి.

ఆమె పనిచేసే కంపెనీ మడికొండ ఐటీ పార్కులో ఉంది. కంపెనీ అంటే అద్దాల మేడ కాదు, ఒక గది, అందులో నలుగురు మనుషులు. వాళ్లు సెల్‌ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేస్తారు. "బీటెక్ చదివి బొమ్మలాటలు చేస్తాంది" అని పెళ్లిళ్లలో మేనత్తలు నవ్వుకుంటుంటే తండ్రి సదానందం తల వంచుకుని భోజనం ముగించుకొచ్చేవాడు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. చివరికి పోయిన శుక్రవారం వాళ్ల ఆట విడుదలైంది. ఖిలా వరంగల్‌లో దారి తప్పిన ఒక చిన్నపిల్ల, కాకతీయుల కాలంలోకి వెళ్లిపోయి, ఒక్కో దర్వాజా దాటుకుంటూ ఇంటికి దారి వెతుక్కుంటుంది. మొదటి దర్వాజా వరకు ఎవరైనా ఉత్తగా ఆడుకోవచ్చు. ఆపైన కోటలోకి పోవాలంటే కొనాలి. ధర హోటల్లో ఒక బిర్యానీకి అయ్యేంత కూడా కాదు.

అయినా కొనేవాళ్లు లేరు. వచ్చినవాళ్లు తిట్టిపోతున్నారు.

సదానందం స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని హుషారుగా వచ్చి కూర్చున్నాడు. "ఏమంటాండ్లు బిడ్డా జనం? మంచిగ కొంటాండ్లా?"

"కొంటలేరు బాపూ. అందరు ఒక్క స్టారే ఇస్తాండ్లు. మూడో దర్వాజ కాడ ఆట ఆగిపోతాందట."

"మరి బాగుచెయ్యరాదుండ్రి?"

"చేసినం బాపూ! పోయిన నెలనే చేసినం. అగ్గువ ఫోన్లల్ల ఆగుతుండె, ఆ తప్పు తీసేసినంకనే విడుదల చేసినం. లేని తప్పుకు మమ్మల్ని తిడుతాండ్లు. నాకు సమజైతలేదు."

సదానందం ఉప్మా నోట్లో పెట్టుకుంటూ తాపీగా అన్నాడు. "అగో, మన దుకాణంల గిరాకీలు గూడ గదే అంటాండ్లు. మూడో దర్వాజ కాడ బిగుసుకపోతాందట. నీకు చెప్దామనుకునుడు, మర్సుడు."

రవళి ఫోను బల్ల మీద పెట్టింది. "మన గిరాకీలకు మూడో దర్వాజ ఏడికెళ్లొచ్చింది బాపూ? కొన్నోళ్లే లేకపాయె."

ఇక్కడ సదానందం గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకి ఇచ్చే జబ్బు ఉంది. వాళ్ల నాయన బీట్ బజార్లో బెల్లం అమ్మేటప్పుడు తూకం అయిపోయాక ఒక ముక్క విరిచి కొసరుగా చేతిలో పెట్టేవాడు. కొసరు లేకుండా గిరాకీని పంపడం ఆ ఇంట్లో పాపం కింద లెక్క. బెల్లం దుకాణం పోయి హనుమకొండ చౌరస్తాలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చినా ఆ పద్ధతి పోలేదు. కవరు కొంటే ఫోను తెర మీద గ్లాసు అంటిస్తాడు, గ్లాసు కొంటే పాటలు ఎక్కిస్తాడు. ఆయన దగ్గర కొసరు తీసుకోకుండా దుకాణం దిగడం ఎవరి తరమూ కాదు.

విడుదలకి రెండు నెలల ముందు రవళి ఆ ఆటను తండ్రి ఫోన్లో పెట్టింది. అది పరీక్ష కోసం చేసిన కాపీ, అన్ని దర్వాజాలూ తెరిచి ఉన్నది. బయటివాళ్లకి ఇవ్వనని ఆఫీసులో సంతకం పెట్టింది కూడా. బాపు బయటివాడు ఎట్లా అవుతాడని అనుకుంది. ఆట చివర చేసినవాళ్ల పేర్లలో 'రవళి సదానందం' అని తెలుగులో కనబడగానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు, మళ్లీ తుడుచుకున్నాడు. నాలుగేళ్ల తర్వాత తండ్రి తన పనిని చూసి మురిసిపోతుంటే ఏ కూతురికైనా దాన్ని ఫోన్లోంచి తీసేయడానికి చేతులు వస్తాయా? రవళికి రాలేదు.

"నేనే ఎక్కిస్తాన," అన్నాడు సదానందం గర్వంగా. "మన దుకాణంల ఎవలేం కొన్నా, మా బిడ్డ చేసిన ఆట అని చెప్పి కొసరు కింద ఎక్కిస్తాన. ఒక్క రూపాయి తీస్కోలే బిడ్డా, నీ మీద ఒట్టు."

తల తుడుచుకుంటూ వస్తున్న శ్రీకాంత్ గుమ్మంలో ఆగాడు. దుకాణంలో తండ్రికి కుడిభుజం ఈ కొడుకే.

"అన్నా, మీ ఒక్క దుకాణంలనేనా? ఇంకేడికన్న పంపిండ్లా?"

"మొబైల్ షాపులోళ్ల గ్రూపుల పెట్టిన. బాపే పెట్టుమన్నడు. జనగామ, భూపాలపల్లి, కరీంనగర్... మస్తు దూరం పోయింది చెల్లె. అందరు మెచ్చుకున్నరు."

"మెచ్చుకున్నరా?" రవళి ఫోను తీసి అన్న ముఖం ముందు పెట్టింది. "సదువు. గట్టిగ సదువు. మెచ్చుకున్నోళ్లు ఏం రాసిండ్లో బాపు గూడ ఇంటడు."

శ్రీకాంత్ చదవలేదు. చూసి కళ్లు దించుకున్నాడు. ఆ మెచ్చుకున్నవాళ్లే పాత కాపీ ఆడి, మూడో దర్వాజా దగ్గర విసుగెత్తి, అసలు ఆట పేజీకి వచ్చి ఉమ్మేసి పోయారు. కొనాలని వచ్చినవాళ్లు ఆ ఒక్క స్టార్లు చూసి వెనక్కి తిరిగారు.

సదానందానికి ఇంకా ఎక్కలేదు. "కోప్పడకు బిడ్డా. జర ఆలోచించు. నేను బెల్లం ముక్క ఇస్తే నా బెల్లం తరుగుతది. గిది ఎంతమందికిచ్చినా తరగకపాయె. నీ ఆట నీ దగ్గరే ఉన్నది గదా? నీ పేరు నాలుగు ఊళ్లకు తెలిసె. నీకు పోయిందేంది?"

"నాకా? పోయేటియన్నీ పోయినయ్ బాపూ. మా కంపెనీ పెట్టిన మధన్న హైదరాబాద్‌ల పెట్టుబడి పెట్టేటోళ్ల కాళ్లావేళ్లా పడి పైసలు తెచ్చిండు. మొదటి వారం జనం మెచ్చుకుంటెనే ముందుకు నడిపిస్తమన్నరు వాళ్లు. ఈ తిట్లు చూసినంక నడిపిస్తరా? కంపెనీ మూతపడుతది. నలుగురం రోడ్డు మీద పడుతం. నీకు చెప్పినా సమజ్ కాదు. ఊరోళ్ల పాటలు, సినిమాలు, ఆటలు దొంగతనంగ ఎక్కిచ్చి ఎక్కిచ్చి, అవి ఒకలు చేస్తరన్న సంగతే మర్సిపోయిండ్లు మీరు!"

దొంగతనం అన్న మాటకి శ్రీకాంత్ భగ్గుమన్నాడు. "ఆ ఎక్కిచ్చిన పైసలతోనే నీ బీటెక్ ఫీజు కట్టినం. అప్పుడు తియ్యగున్నదా? అప్పుడు ఒక్కనాడన్న వద్దన్నవా?"

నిజమే, రవళి ఏనాడూ వద్దనలేదు. కాలేజీలో తాను ఆడిన ఆటలన్నీ అన్న పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవే. చేసినవాళ్లు ఎక్కడి వాళ్లో, ఎన్నాళ్లు కష్టపడ్డారో అడిగిన పాపాన పోలేదు.

"నువ్వు నోర్ముయ్‌రా," అంది సుగుణమ్మ కొడుకుని. మొగుడి వైపు తిరిగింది. "పక్కింటోళ్లకు నా గిన్నె ఇయ్యాలంటె నన్ను అడుగుతరు. పిల్ల నాలుగేండ్లు కండ్లు పోంగ చేసిన పనిని పంచేటప్పుడు దాన్ని అడగాలని తోయలేదా మీకు?"

సదానందం చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. లేచి తెల్లచొక్కా వేసుకున్నాడు. "పా బిడ్డా. మీ సారుతోని నేను మాట్లాడుత. తప్పు నాది."

వద్దంటే వినలేదు. దారిలో ఆటో ఆపించి మిఠాయి డబ్బా కొన్నాడు. ఒకరి దగ్గరికి ఉత్తచేతులతో పోవడం ఆయనకి తెలియదు మరి. రవళి ఆ డబ్బాను చూసి ముఖం తిప్పుకుంది.

మడికొండలో ఆ గది తలుపు తీసే ఉంది. కోట బొమ్మలన్నీ గీసిన పూజ తన కంప్యూటర్ వైర్లు చుట్టి అట్టపెట్టెలో పెట్టుకుంటోంది. రవళిని చూసి పలకరించలేదు. మధు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, గడ్డం మాసి ఉంది.

"మధన్నా, నీకొకటి చెప్పాలె," అంది రవళి. "ఆ కాపీ..."

"ఎర్కనే. పరీక్ష కాపీలల్ల ఎవలది వాళ్ల గుర్తు దాగుంటది గదా. బయట తిరిగేదాంట్ల నీ గుర్తున్నది. విడుదలకు ముందురోజే చూసిన."

"మరెందుకు అడగలే అన్నా?"

"నువ్వే వచ్చి చెప్తవేమోనని చూసిన. రోజూ ఎదురుచూసిన."

"నాకు ఇయ్యాల పొద్దుగాల్నే తెలిసింది. నిజం అన్నా."

"నమ్ముతాన," అన్నాడు మధు. కానీ ఆ గొంతులో నమ్మకం లేదు, కోపమూ లేదు. రవళికి కోపమే ఉంటే బాగుండేదనిపించింది.

సదానందం చేతులు జోడించాడు. తన వయసులో సగం కూడా లేని మనిషికి ఆయన దండం పెడుతుంటే రవళి ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయింది. "ఆమెను ఏమనకు బాబూ. నేనే ఇచ్చిన. పైసల కోసం గాదు, మురిసిపోయి ఇచ్చిన. ఒక్కల దగ్గర గూడ పైస తీస్కోలే."

మధు ఆ చేతులు దించాడు. "తీస్కుంటె బాగుండు అంకుల్. మీరు దొంగతనంగ అమ్ముకున్నా నాకు గింత బాధ కాకపోవు. అమ్మితే, దానికొక ధర ఉన్నదని జనానికి తెలిసేది. పెట్టుబడి పెట్టేటోళ్లు ఇగ ముందుకు రామన్నరు, నిన్ననే ఫోన్ చేసిండ్లు. సాయంత్రం వరకు ఆటను తీసేస్తాన. గిన్ని తిట్లు మోసుకుంట అది అక్కడుండుడు ఎందుకు?"

మిఠాయి డబ్బా ఎవరూ విప్పలేదు. వచ్చేటప్పుడు సదానందం దాన్ని బల్ల మీద వదిలేయాలో తీసుకుపోవాలో తేల్చుకోలేక, చివరికి చంకలో పెట్టుకుని దిగాడు.

రవళికి ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. తండ్రితో పాటు దుకాణం దగ్గరే ఆటో దిగింది. సాయంత్రం అయ్యేసరికి చౌరస్తాలో జనం పెరిగారు. ధర్మసాగర్ నుంచి వచ్చిన ఒకాయన ఛార్జర్ కొన్నాడు. కొని కదలకుండా నిలబడ్డాడు.

"సేటూ, మీ బిడ్డ చేసిన ఆట ఎక్కిస్తవట గదా. మా తమ్మునికి ఎక్కిచ్చినవ్. నాకు గూడ ఎక్కియ్."

"అది ఎక్కియ్యం. కొనుక్కోవాలె," అన్నాడు సదానందం.

ఛార్జర్ కొన్నాయన పకపకా నవ్వాడు. "గదాన్ని కొనుడేంది సేటు? కొసరు గదా! మొన్నటిదాక పిలిచి పిలిచి ఇచ్చి, ఇయ్యాల పైసలంటె ఎట్ల? మా తమ్ముడు అన్నడు తియ్, ఏదో పిల్లలు టైంపాస్‌కు చేసినట్టున్నదట. వద్దు తియ్, గ్లాసన్న అంటియ్."

అతనిలో చెడ్డతనం ఏమీ లేదు. కొసరును కొసరనే అన్నాడు. సదానందం గ్లాసు తీశాడు, అంటించబోతే వంకరపోయింది, ఇంకోటి తీశాడు. శ్రీకాంత్ వచ్చి తండ్రి చేతుల్లోంచి ఫోను అందుకుని తానే అంటించి పంపించాడు.

సదానందం తన ఫోను కూతురి ముందు పెట్టాడు. "నా దాంట్ల ఉన్నది తీసెయ్ బిడ్డా. పైసలు కట్టి మంచిది ఎక్కియ్యి. నేను కొంట."

రవళి వెతికింది. పేరు మార్చి మార్చి వెతికింది.

"లేదు బాపూ. మధన్న తీసేసిండు."

"ఇగ దొరకదా?"

"దొరకదు. మేం మంచిగ చేసింది ఇగ ఎవ్వలకు దొరకదు. నువ్వు పంచిందే ఉంటది జనం దగ్గర, ఆ మూడో దర్వాజ కాడ ఆగిపోయేది. మా ఆట అంటె అదే అనుకుంటరు ఇగ."

ఆ మాటకి సదానందం కూర్చుండిపోయాడు. గిరాకీలు చూస్తారని కూడా ఆలోచించకుండా భుజం మీది తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి అలా ఏడవడం పిల్లలిద్దరూ చూడలేదు.

"నీ కష్టానికి ధర ఎంత బిడ్డా అని ఒక్కనాడు అడగలే," అన్నాడు తువ్వాల్లోంచే. "దుకాణంల పుట్టి దుకాణంల పెరిగినోన్ని. మంది సరుకు ఎంతకు పోతదో చూడంగనే చెప్త. నా బిడ్డ సరుకును మాత్రం ఊరికి దానం చేసిన."

రవళికి కోపం తగ్గలేదు. ఈ కన్నీళ్లతో కంపెనీ తిరిగి రాదు, పూజ తిరిగి పలకరించదు. ఓదార్చాలని ఉన్నా చెయ్యి లేవలేదు. అయినా వెళ్లిపోనూ లేకపోయింది. స్టూలు లాక్కుని ఆయన పక్కనే కూర్చుంది.

"నేను గూడ మంచిదాన్ని కాదు బాపూ. అన్న పొద్దుగాల్ల అన్నది నిజమే. పరాయోళ్లవి ఎక్కిచ్చినన్నేండ్లు నేను ఊకున్న. ఆ పైసలతోనే సదివిన. నాదాకా వచ్చేదాక నొప్పి తెలువలే."

సదానందం తువ్వాలు తీసి, ఎదురుగా గోడకి అంటించిన ఆటల బొమ్మల వైపు చూశాడు. దుకాణం పెట్టినప్పటి నుంచి ఉన్నవే. వాటిని ఆయన ఎన్ని ఫోన్లలోకి ఎక్కించాడో ఆయనకే తెలియదు.

"గవి గూడ ఎవలో బిడ్డలు చేసినయే గదా?" అన్నాడు మెల్లగా.

"అవును బాపూ."

అంతలో ఇంకో గిరాకీ వచ్చి, కొత్త ఆటలేమున్నాయని అడిగాడు. శ్రీకాంత్ అలవాటుగా పెన్‌డ్రైవ్ కోసం సొరుగు లాగి, తండ్రి వైపు చూసి, చెల్లెలి వైపు చూశాడు.

"లేవు అన్నా," అన్నాడు. సొరుగు మూసేశాడు.