కంబళి బోర్డు మీద గొర్రె

"సార్, రేపు సావుకారు పెనుకొండలో కొత్తంగడి తెరుస్తాండాడు. నా బతుకు మాత్రం ఈ పొద్దే మూతపడేట్టుండాది!" అంటూ పెయింటర్ ఉలిగప్ప పరుగున లోపలికొచ్చాడు.

అది 1962 వేసవి. హిందూపురంలో ప్రైవేటు డిటెక్టివ్ ఆంజనప్ప ఆఫీసు. గురువుగారికి ఎట్టకేలకు కేసు దొరికిందని అసిస్టెంటు జయరాముడు సంబరంగా నోట్‌బుక్కు తెరిచాడు.

శ్రీరాములు శెట్టి జవళి అంగళ్లంటే చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. హిందూపురం, ధర్మవరం అయ్యాక ఇప్పుడు పెనుకొండ. చదువురానివాళ్లకూ ఏ సరుకు ఎక్కడుందో తెలియాలని ఆయన ఉలిగప్ప చేత అంగడి బోర్డుల మీద ఆరు బొమ్మలు వేయించాడు. పట్టుకు హంస, కంబళికి గొర్రె, ఇట్లా. అన్నీ నీలం గుండ్రంలో తెల్లబొమ్మలే, గీత మందం కూడా ఒక్కటే. మూడు ఊళ్లలో వెంట్రుకవాసి తేడా రాకూడదని షరతు. అలాంటిది పెనుకొండ బోర్డు మీది గొర్రె నిన్న మధ్యాహ్నం ఉన్నట్టుండి నల్లబడింది.

"తాగి చెడగొట్టినానంటాండాడు. నా బొమ్మలన్నీ పీకేసి బెంగళూరు పెయింటర్ను పిలిపిస్తాడంట," అన్నాడు ఉలిగప్ప. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెనుకొండ అంగట్లో జయరాముడు కొత్త కంబళ్ల మీద కూర్చోబోయి, అట్టల్లా బిరుసుగా గుచ్చుకోవడంతో లేచాడు. ఆంజనప్ప స్టూలెక్కి నల్లరంగును గోటితో గీరాడు. పెచ్చులుగా రాలింది. ఒక పెచ్చు నాలుక మీద వేసుకున్నాడు. పాపం, గురువుగారికి మతిపోయిందనుకున్నాడు జయరాముడు.

"నిన్న ఎవురెవురు వచ్చినారు సావుకారూ?"

"పొద్దున ఉలిగప్ప చూసిపోయినాడు. ఎదురంగడి రామప్ప వచ్చి ఎగతాళిగా నవ్విపోయినాడు. కంబళ్లు నేసే తిమ్మక్క కొత్తవి తెచ్చి, మెత్తబడిన రెండింటికి ఈడే గంజి పూసి పోయింది. ఈ ఊర్లోనే కూతురింట్లో ఉండాది."

జయరాముడు రామప్ప పేరు కింద రెండు గీతలు గీశాడు.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఆంజనప్ప గొంతు సవరించుకున్నాడు.

"ఇది పెయింటు కాదు. చింతగింజల గంజిలో కలిపిన మసి. ఆ గంజి కంబళికే పట్టిస్తారు. మా జయరాముణ్ణి లేపిన బిరుసు దానిదే. ఇంకోమాట. చెడగొట్టాలనుకునేవాళ్లు నీలం మీద చుక్క పడకుండా, బొచ్చు ఉంగరాలు తిప్పుతా పూస్తారా? ఇది బాగుచెయ్యాలని పూసిన చెయ్యి. ఏం తిమ్మక్కా?"

తిమ్మక్క నడుమున చేతులు పెట్టుకుంది. "నేనే పూసినా! ఆ బొమ్మేంది సావుకారూ? నున్నటి తెల్లగొర్రె! అది కూరకొచ్చే గొర్రె. దాని ఒంటిమీద బొచ్చు యాడుండాది కంబళి నేసేకి? మా పల్లెలోళ్లు చూస్తే ఈడ మాంసం అమ్ముతారనుకుంటారు!"

రామప్ప పగలబడి నవ్వాడు. "నిన్న నేను నవ్వింది అందుకే కదప్పా!"

ఉలిగప్ప తల గోక్కున్నాడు. "పోయిన పండక్కి కోసేకి తెచ్చిన గొర్రెను చూసి గీసినా, సార్."

శెట్టికి నవ్వాగలేదు. "తప్పు నాదే, ఉలిగప్పా. తాగినావన్నాను, మనసులో పెట్టుకోవద్దు. మూడూళ్లలోనూ గొర్రెను మార్చు."

"మరి బెంగళూరు పెయింటరు?" భయంభయంగా అడిగాడు ఉలిగప్ప.

"ఆయప్పకు మన గొర్రె ఏం తెలుసు?"

ఉలిగప్ప ముఖం వెలిగిపోయింది. "అంచున అదే మందం తెల్లగీత, లోపల నల్ల ఉంగరాలు. అప్పుడు ఆరూ ఒక్క చేతివే అనిపిస్తాయి. అక్కా, నీ గొర్రెను ఒకదాన్ని చూపించు."

తిమ్మక్క కూతురింటి నుంచి నల్లగొర్రెను తోలుకొచ్చింది. అది కొత్త పంచెల బేళ్ల మధ్య గంతులేస్తుంటే, ఉలిగప్ప బొమ్మ గీసేదాకా దాని మెడ పట్టుకుని నిలబెట్టింది మాత్రం శ్రీరాములు శెట్టే.