సీలింగులోంచి తమ్ముడూ అని

ఆ ఆసుపత్రి పాత భవనంలో రెండో అంతస్తు వరండాకి చెడ్డపేరుంది. రాత్రిళ్లు సీలింగులోంచి ఎవరో పిలుస్తారట. పలికారో... తెల్లారేసరికి మనిషి ఉండడట. నర్సులు సైతం అటు ఒంటరిగా వెళ్లేవారు కాదు.

అక్కడి మైకులు, స్పీకర్లు బాగుచేసే మెకానిక్ ఇవన్నీ విని నవ్వేసేవాడు. ఆ రాత్రి మాత్రం నవ్వే స్థితిలో లేడు.

అక్కడే ఊడ్చి తుడిచే పనిచేసే వాళ్ల అక్క, డ్యూటీ అయిపోయినా ఇంటికి రాలేదు. ఫోను కలవడం లేదు. చెప్పులేమో మెట్ల దగ్గరే ఉన్నాయి. వార్డులు, డాబా, లిఫ్టు గుంత... అన్నీ గాలించాడు. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే. చివరికి ఆ వరండాలోనే కూలబడ్డాడు.

ఒంటిగంట దాటింది.

“తమ్ముడూ...”

నెత్తిమీద, సీలింగు స్పీకర్లోంచి. నీళ్ల అడుగునుంచి వచ్చినంత సన్నగా.

తలెత్తి చూశాడు. రిపేరు కోసం ఆంప్లిఫయరు వైర్లు పొద్దున తన చేత్తోనే పీకేశాడు. మరి ఈ స్పీకరు ఎలా మాట్లాడుతోంది?

“ఊపిరాడట్లేదురా...”

నోరు తెరిచాడు. పలికితే — అన్న మాట గుర్తొచ్చి మళ్లీ మూసేశాడు. పలకలేదు.

ఆ భయంలోనే, తను రోజూ చేసే పని బుర్రలో మెదిలింది. ఈ స్పీకర్లన్నీ ఒకే జత తీగల మీద ఉన్నాయి. ప్రతిదాని వెనకా చిన్న ట్రాన్స్‌ఫార్మరు. స్పీకరుకి నోరు ఆనించి అరిస్తే లోపలి కాగితప్పొర వణికి, అదే మైకవుతుంది. పుట్టిన కాస్త కరెంటుకీ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజి పెంచి తీగల్లోకి తోస్తుంది. అంత దూరం పోయినా అది చచ్చిపోదు. అవతలి స్పీకరు దగ్గర దిగి, మళ్లీ గొంతవుతుంది.

అంటే అక్క ఏదో స్పీకరు దగ్గరే ఉంది. ఏది? ఉన్నవి యాభై.

లైన్లన్నీ వచ్చి ఆ జత తీగలకి కలిసే గోడమీది పెట్టె తెరిచి ఒక్కో లైనూ ఊడదీశాడు. ఓపీ లైను తీశాడు — గొంతు ఇంకా ఉంది. వార్డుల లైను — ఉంది. నేలమాళిగ లైను తీశాడు...

నిశ్శబ్దం.

లైను తీసినందుకా? లేక అక్క...

మెట్లు ఎలా దిగాడో అతనికే తెలీదు. సామాన్ల గది తలుపు సందులోంచి కళ్లు మండించే ఘాటు. భుజంతో గుద్ది గుద్ది తలుపు విరగ్గొట్టాడు. యాసిడ్ డబ్బా ఒలికి బ్లీచింగులో కలిసింది. లోపలివైపు గడియ పిడి ఊడి చేతికొచ్చింది కాబోలు, కింద పడుంది. పొగ కిందికి పేరుకుంటుంటే, ఆవిడ అట్టపెట్టెలెక్కి సీలింగు స్పీకరుకి మొహం ఆనించి ఒరిగి ఉంది.

మూడోరోజుకి గాని ఆవిడకి మాట రాలేదు.

అతను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. “నువ్వు పిలుస్తుంటే నేను పలకలేదక్కా. భయపడ్డాను.”

అక్క అతనికేసి వింతగా చూసింది.

“అదేంట్రా... తలుపు విరిగేదాకా ఆ స్పీకర్లోంచి మాట్లాడుతూనే ఉన్నావుగా. ‘నిద్రపోకక్కా, వస్తున్నా’ అని.”