ఖాట్మండు వెళ్ళే మందులు

"బాంబు దుప్పట్లలోనే ఉంది. సోర్స్ కన్ఫర్మ్ చేసింది," ఫోన్‌లో అన్నాడు చీఫ్ సూర్యప్రకాశ్.

ఏజెంట్ హైమకి కాలు ఒకచోట నిలవడం లేదు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలోని ఆ ఇంటి గరాజ్‌లో దుప్పట్ల మూటలన్నీ విప్పి చూసింది. ఏమీ దొరకలేదు.

"ఆ సోర్స్‌ని నమ్మొచ్చా సర్?"

"బిందుమాధవి. గద్ద ముఠాలో మన మనిషి. బందరు పిల్ల. నీకంటే సీనియర్. వెతుకు!"

అది 2015. భూకంపంతో నేపాల్ నేలమట్టమైంది. ఇక్కడి తెలుగువాళ్ళు పోగుచేసిన మందులు, దుప్పట్లు ఇండియా సాయంగా ఈ మధ్యాహ్నం విమానమెక్కాలి. వాటితోపాటు ఒక డాక్టర్ల టీమ్ కూడా. ఆ విమానాన్ని గాల్లో పేల్చి, నింద ఇండియా మీదికి తోసెయ్యాలని గద్ద ముఠా ప్లాన్.

ఆ ఇల్లు డాక్టర్ రాజేశ్వరమ్మది. ఆవిడ చెల్లెలు ఖాట్మండు శిథిలాల కింద చనిపోయింది. హైమ కేటరింగ్ అమ్మాయి వేషంలో టీ ట్రే పట్టుకుని హాల్లోకొచ్చేసరికి, ఇండియా, నేపాల్ అధికారులు ఆవిడ ముందు నిలబడి ఉన్నారు.

"మా ప్రభుత్వం తరఫున ప్రగాఢ సానుభూతి, మేడమ్," అన్నాడు ఇండియన్ అధికారి.

"ఏడవడానికి బోలెడు టైముంది నాయనా. ముందు బయటున్న ఆ మందుల వ్యాన్ కదిలించండి," అంది రాజేశ్వరమ్మ.

అప్పుడొచ్చింది బిందుమాధవి. తెల్ల షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు. తను తెచ్చిన వాక్సిన్ ఐస్‌బాక్స్‌లు వ్యాన్‌లో ఎక్కించి వచ్చిందట. రాజేశ్వరమ్మ చేతులు పట్టుకుని అచ్చం బందరు యాసలో ఓదార్చింది. ఆ తర్వాత లేచి, "వెళ్ళొస్తానండీ ఆంటీ," అంది.

రాజేశ్వరమ్మ చివ్వున తలెత్తింది. "చావింట్లో అదేం మాటమ్మా!" అని గొణిగింది పక్కనున్నావిడ.

హైమ ట్రేతో అక్కడే ఆగింది. పరామర్శకొచ్చినవాళ్ళు చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ వస్తామని పొరపాటున కూడా అనరు. బందరులో పెరిగిన పిల్లకి ఇది తెలియదా? యాస నేర్పినవాడెవడో ఇది నేర్పడం మరిచిపోయాడు! ఈవిడ బందరు మనిషే కాకపోతే, దుప్పట్ల కబురూ అబద్ధమే. మరి బాంబు?

ఐస్‌బాక్స్‌లు!

ట్రే అక్కడే పడేసి పరుగెత్తింది. వ్యాన్ తాళం వేసి ఉంది. మోచేత్తో అద్దం పగలగొట్టి లోపలికి దూరింది. రెండో పెట్టెలో, వాక్సిన్ సీసాల కింద ఎర్ర లైటు మినుకుమంటోంది.

"అక్కడే ఆగు." వెనక బిందుమాధవి. చేతిలో లిప్‌స్టిక్. "ఇది రిమోట్. నొక్కానంటే నువ్వు, వ్యాను, ఆ ఇల్లు... ఏమీ మిగలవు."

"మీరూ మిగలరు కదండీ."

"దానికి సిద్ధపడే వచ్చాను." నొక్కేసింది.

ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది.

"నా హెయిర్‌క్లిప్‌లో సిగ్నల్ ఆపే జామర్ ఉంది లెండి," అంటూ హైమ వైరు కోసం తడుముతోంది. క్లిప్ కీచుమంది. బ్యాటరీ అయిపోవస్తోంది! నీలం వైరు చిక్కింది. పళ్ళతో పట్టి లాగింది. వైరు తెగడం, క్లిప్ మూగబోవడం ఒకేసారి జరిగాయి.

బిందుమాధవి ఇంకా లిప్‌స్టిక్ నొక్కుతూనే ఉంది, సెక్యూరిటీ వాళ్ళొచ్చి చెయ్యి పట్టుకునేదాకా.

సాయంత్రానికి విమానం సముద్రం మీద ఉంది. మర్నాడు ఢిల్లీ నుంచి రెండు సందేశాలు వెళ్ళాయి: నేపాల్‌కి సంతాపం, అద్దె వ్యాన్ అద్దం పగలగొట్టినందుకు హైమకి మెమో.