మూల కుర్చీలో కూర్చున్న మనిషి

పొద్దెక్కినా కోటేశ్వరరావు కొట్టు తెరవడానికి వెళ్ళలేదు. నరసరావుపేట బజారులో ఆయన కిరాణా షట్టరు కాస్త ఆలస్యమైతే పక్క కొట్టువాళ్ళు ఫోన్ చేస్తారు. ఈరోజూ చేశారు. "బాగానే ఉన్నాలే" అని పెట్టేసి, పేపర్లో మళ్ళీ అదే పేజీ చూస్తూ కూర్చున్నాడు.

కూతురు భవిత అది గమనించింది. వంటింట్లో ఆవాలు మాడుతున్నా అమ్మ కృష్ణకుమారి చెవి హాల్లోనే ఉండటమూ గమనించింది. నిన్న తను మిల్లులో ఉద్యోగం ఇంటర్వ్యూ నుంచి వచ్చినప్పటినుంచీ ఇల్లు ఇలాగే ఉంది.

"మిల్లు వాళ్ళు ఫోన్ చేశారా?" అంది తల్లి.

"చేసినా వెళ్ళనమ్మా."

గరిట ఆగింది. "ఏందే ఆ మాట? నాన్న స్నేహితుల మిల్లు. నకరికల్లు ఎంత దూరమని?"

"నేను చదివిందే హెచ్ఆర్. ఇంటర్వ్యూలో ఏం అడగొచ్చో, ఏం అడగకూడదో నాకు పాఠం. షిఫ్టులు చేస్తావా అనొచ్చు, ఇంతకుముందు ఏం పని చేశావనొచ్చు. వీళ్ళు గోత్రం అడిగారు. పుట్టిన టైము అడిగారు. ఇంట్లో ఎవరికైనా షుగరుందా అన్నారు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తావా అన్నారు. అది పట్టుకుని ఆడపిల్లని వద్దంటే చట్టం ఒప్పుకోదు."

"పెద్దవాళ్ళు ఏదో మాటవరసకి అడిగుంటార్లే."

"మాటవరసకి బీరువా దాకా నడిచి ఫైలు తెమ్మంటారా? తెచ్చిస్తే తెరవను కూడా లేదు."

ఓనరు వేణుమాధవ్ గురించి, ఆయన భార్య గురించి నిన్ననే చెప్పింది. ఒక్క సంగతి మాత్రం దాచుకుంది. ఆ గదిలో మూల కుర్చీలో ఒకతను ఉన్నాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఆమె నడుస్తున్నంతసేపూ ఆమె కాళ్ళవైపే చూశాడు. అది అమ్మానాన్నలకి చెప్పాలంటే సిగ్గేసింది.

అప్పుడే ఫోన్ మోగింది. మిల్లు వాళ్ళు కాదు, స్నేహితురాలు నాజియా.

"ఏమే, నీ మీద ఎంక్వైరీనా? ఎవరో ఆవిడ మా టైలరింగ్ షాపుకొచ్చింది. నీకు మగపిల్లలతో స్నేహాలున్నాయా అని అడిగింది. నేను తిట్టి పంపా. జాగ్రత్తే."

భవిత ఫోన్ పెట్టేసి చెప్పులేసుకుంది.

"ఎక్కడికమ్మా?" కోటేశ్వరరావు లేచాడు.

"పోలీస్ స్టేషన్‌కి. వీళ్ళు ఉద్యోగమిచ్చే మనుషుల్లా లేరు నాన్నా. నాకు భయమేస్తోంది."

ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నుదుట చెమట. "తొందరపడమాక. వేణుమాధవ్ గారు అట్టాంటి మనిషి కాదు. ఆ మూల కూర్చున్న పిల్లోడు కూడా చానా నెమ్మదస్తుడు."

భవిత ఆగిపోయింది.

"మూల ఒకతను కూర్చున్నాడని నేను మీకు చెప్పలేదు."

ఆయన భార్య వైపు చూశాడు. కృష్ణకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"వాళ్ళబ్బాయే" అంది చివరికి. "ఏ సంబంధమొచ్చినా పెళ్ళిచూపులకి కూర్చోనంటివి. ఉద్యోగమంటే వెళ్తావని..."

భవిత గోడ పట్టుకుంది. "అక్కడ ఉద్యోగం ఉందా నాన్నా?"

"లేదమ్మా."

ఆమె కింద కూర్చుండిపోయింది. "నిన్ననే విజయవాడలో నాకు ఇంకో ఇంటర్వ్యూ ఉండింది. వదులుకున్నా. ఈ మిల్లయితే రోజూ ఇంటి నుంచే వెళ్ళిరావచ్చని, మీ దగ్గరే ఉండొచ్చని. గోత్రం అడిగినప్పుడే లేచి రావాల్సింది. ఉద్యోగం పోతుందని భయపడి అన్నిటికీ నవ్వుతూ జవాబు చెప్పాను. నడవమంటే నడిచాను."

ఇన్నాళ్ళూ ఆయనకది తెలివైన ఎత్తుగా తోచింది. ఇప్పుడు ఆ గదిలో బిడ్డ నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది.

ఆయన ఫోన్ మోగింది. వేణుమాధవ్.

"బావగారూ, శుభవార్త. అమ్మాయి మావాడికి నచ్చింది."

"మా అమ్మాయి మీ దగ్గరికి సంబంధానికి రాలేదండీ, ఉద్యోగానికొచ్చింది." అన్నాడు కోటేశ్వరరావు. "ఈ నాటకం ఆడించింది నేను. ఆ పిల్లకి ఏమీ తెలియదు. ఇంక ఈ ఊసు వద్దు."

ఫోన్ పెట్టేసి కూతురి పక్కనే నేలమీద చతికిలబడ్డాడు. "విజయవాడ వాళ్ళకి ఫోన్ చెయ్యి తల్లీ. తప్పు నాదని నేను చెప్తా."

"ఇంటర్వ్యూల్లో నాన్నలు మాట్లాడరు నాన్నా" అంది కళ్ళు తుడుచుకుంటూ. నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది.

"నమస్తే అండీ, నా పేరు భవిత. నిన్న ఇంటర్వ్యూకి రాలేకపోయాను. ఇంకో అవకాశం ఇస్తారా?"

"ఎందుకు రాలేదు?" అంది అవతలి గొంతు.

ఈ ప్రశ్న అడగొచ్చు. భవిత తండ్రి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

"ఇంట్లో ఒక పొరపాటు జరిగిందండీ" అంది మెల్లగా, ఆయన చేయి అందుకుని. "సర్దుకుంటోంది."

ఏడుపు ఫోన్లో వినపడకుండా కోటేశ్వరరావు కండువా నోట్లో కుక్కుకున్నాడు.