ప్రార్థన అవసరత

సోమవారం పొద్దున ఎలిశిబా పెనం మీద జొన్నరొట్టె వేసి, వరండాలో ఫోన్ మాట్లాడుతున్న కూతురి మీదే చెవి పెట్టింది. రొట్టె మాడింది. భర్త జయానందం మాస్టారు చాయ్ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి తొంగిచూశాడు.

"రొట్టెను గూడ దేవునికే అప్పజెప్పినవా ఏంది?"

మామూలు రోజైతే ఆయనకు నాలుగు మాటలు వడ్డించేది. ఇవాళ చెవి వరండా వైపే ఉంది.

ఆశా లోపలికొచ్చి గడప దగ్గరే ఆగిపోయింది. "సాల్మన్ రాజు అంకుల్ ఫోన్ జేసిండు డాడీ. నన్ను ఒరిస్సాకు మళ్ల పంపరట. నా జాగల వేరే నర్సును చూసిండ్రట."

"ఎందుకట?"

"నా విశ్వాసం సల్లబడ్డదని కమిటీల అందరికి తెలిసిందట." తల్లి వైపు చూసింది. "గా మాట నేను ఒక్కరికే జెప్పిన."

ఆశా ఒరిస్సా కొండల్లో ఒక మిషను ఆస్పత్రిలో కొన్నేళ్లుగా పనిచేస్తోంది. సెలవు మీద వచ్చాక ఒకనాడు, తల్లి తలకు నూనె రాస్తుంటే మనసు విప్పింది. జ్వరంతో తెచ్చిన ఒక పసిబిడ్డ తన చేతుల్లోనే పోయిందనీ, అప్పటినుంచి మోకరిస్తే నోట మాట రావడం లేదనీ చెప్పి ఏడ్చింది. ఎవ్వరికీ చెప్పొద్దంది. ఎలిశిబా చెప్పనని మాటిచ్చింది. ఆ బుధవారమే చర్చి ఆడవాళ్లు కలిసే స్త్రీల మైత్రి కూడికలో లేచి నిలబడి ఆ మాట బయటపెట్టింది.

మెదక్‌లో ఒకరింటి గుట్టు బజారులో చెబితే చాడీ అంటారు. అదే మాట కూడికలో, కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు తుడుచుకుంటూ చెబితే ప్రార్థన అవసరత అంటారు. విన్నవాళ్లంతా "అయ్యో ప్రభువా" అంటారే తప్ప ఇదేం పని అని ఒక్కరూ అడగరు. చర్చి తరఫున ఊరూరా తిరిగి వాక్యం చెప్పే బైబిల్ ఉమెన్‌గా తల నెరిసిన ఎలిశిబాకు ఈ కిటుకు తెలియదనుకుంటే మన అమాయకత్వం.

"ప్రార్థన కోసమే జెప్పిన బిడ్డా," అంది రొట్టె మీద నుంచి తల ఎత్తకుండా. "పది మంది మోకరిస్తె..."

"పది మంది కోసం జెప్పినవా, నిర్మలమ్మ ఆంటీ కోసం జెప్పినవా?"

నిర్మలమ్మ సాల్మన్ రాజు భార్య. ఆయన మిషను కమిటీ సెక్రటరీ. ఆ రోజు ఎలిశిబా మాట్లాడినంతసేపూ చూసింది ఆమె ముఖమే.

"పోనియ్యి ఆశా, తల్లి గద, భయపడ్డది," అన్నాడు జయానందం.

"మీరు జర ఆగుండ్రి డాడీ." ఆశా గొంతు పెంచలేదు. "అమ్మా, చిన్నప్పుడు నాకు ఒళ్లు కాలిపోయే జ్వరమొస్తే, నన్ను ఆగమ్మ పెద్దమ్మ ఇంట్ల పండవెట్టి రేగోడ్‌ల కూడికలకు పోయినవు. బిడ్డను దేవుని చేతుల పెట్టి పోయిన, ఆయనే చూసుకున్నడు అని యాడికి పోయినా సాక్ష్యం జెప్తవు. గా సాక్ష్యం ఇనే నేను ఒరిస్సా పోయిన. ఇప్పుడు గా దేవునికి ఏమైంది మరి?"

ఎలిశిబా స్టవ్ ఆపేసింది. ఆ సాక్ష్యం చెప్పి ఎందరిని ఏడిపించింది, ఎందరి చేత చప్పట్లు కొట్టించుకుంది! ఇప్పుడు కన్నకూతురి నోట వింటుంటే సిగ్గుతో తల నేలకు వాలిపోయింది.

"అప్పుడు నీకేమన్న అయితదని నాకు తోచనే లేదు బిడ్డా," అంది. "వయసుల ఉంటి. ధైర్యాన్నే విశ్వాసమనుకున్న. నిన్ను పంపినంక తెలిసింది భయమంటె ఏందో. పొద్దు మాపు మోకరించి నీ చిత్తమే అంటున్న. లేచినంక, గా చిత్తం నా తీరుగ ఎట్ల మలపాలె అని చూస్తున్న. ప్రార్థన అడ్డం పెట్టుకోని నీ పని చెడగొట్టిన."

చేతి పిండి కడుక్కోకుండానే ఫోన్ తీసి సాల్మన్ రాజుకు కలిపింది. ఆశా వద్దనబోయింది గానీ వినలేదు. స్పీకర్ పెట్టింది.

"తమ్మీ, బుధవారం కూడికల నేను జెప్పింది ప్రార్థన కోసం గాదు. మీ ఇంటామె ఇని నీకు జెప్పాలె, నువ్వు నా బిడ్డను ఆపాలె. గందుకు జెప్పిన. నా బిడ్డ నమ్మి చెప్పుకున్న బాధను బజారుల వెట్టిన. తప్పు నాది, ఆమెది గాదు."

"అక్కా," అన్నాడు సాల్మన్ రాజు, "గా నర్సు నిన్ననే రైలెక్కింది. ఇప్పుడు నా చేతిల ఏం లేదు. వచ్చే కమిటీల మాట్లాడత. మాటియ్యలేను."

ఫోన్ పెట్టేసి ఎలిశిబా గోడకు జారగిలబడి కింద కూర్చుంది. జయానందం ఎటు చూడాలో తెలియక మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టాడు. ఒప్పుకుంటే తప్పు సరైపోతుందని ఊళ్లో ఎందరికో చెప్పిన మనిషామె. సరైపోలేదు.

"నా చేతులార ఖరాబు జేసిన," అంది.

ఆశాకు కోపం పోలేదు. అయినా వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"నువ్వు అడ్డం పడితే ఆగిపోయేటంత చిన్నోడు గాదులే అమ్మా ఆయన."

ఆ మాట అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆ పసిబిడ్డ పోయిన నాటినుంచి ఆమె నోట దేవుని మీద నమ్మకంతో ఒక మాట రావడం ఇదే మొదలు. ఇంకో రోజైతే ఎలిశిబా గట్టిగా ఆమెన్ అనేది. ఇప్పుడు అనడానికి ముఖం చెల్లలేదు.

"మా కోసం ప్రార్థన జెయ్యి ఎలిశిబా," అన్నాడు జయానందం మెల్లగా.

ఆమె కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఎంతసేపటికీ మాట రాలేదు. కళ్లు తెరిచి కూతురి వైపు చూసింది. "వస్తలేదు బిడ్డా."

"నాకెర్కే," అంది ఆశా, పిండి అంటిన ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకుని. "గిట్లనే కూసుందాం. ఆయనకు తెలుస్తది."