నీళ్ళ సీసాలో లీకు

మధ్యాహ్నం ఒంటిగంట. స్కానింగ్ విభాగంలో అందరూ భోజనాలకి వెళ్ళారు. టెక్నీషియన్ మాత్రం ఎమ్మారై బల్ల మీద నీళ్ళ సీసా పడుకోబెట్టి, తలుపు మూసి, అద్దానికి ఇవతల తన కుర్చీలో కూర్చుంది. గుండె కవాటం ఎంత లీకవుతోందో కొలిచే ఆ యంత్రం నిజమే చెబుతోందా అని నెలకోసారి ఈ పరీక్ష. సీసాలో నీళ్ళు కదలవు కాబట్టి తెర మీద సున్నా రావాలి. కళ్ళు మూసుకుని చేసే పని.

అయినా ఆమెకి ఆ బల్ల వైపు చూడబుద్ధి కావడం లేదు.

కిందటి నెల అదే బల్ల మీద బట్టలు కుట్టే పెద్దావిడ ఒకరు పడుకుంది. ఊపిరి బిగబడితేనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. పాపం, పెద్దావిడ మధ్యలోనే వదిలేసేది. బొమ్మ అలుక్కుపోయింది. "ఇంకోసారి తియ్యమ్మా, ఈసారి గట్టిగా బిగబడతా," అని బతిమాలింది. మన టెక్నీషియన్‌కేమో కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. "అక్కర్లేదు పెద్దమ్మా, బ్రహ్మాండంగా వచ్చింది," అనేసింది. ఎంత మాట! అలుక్కుపోయిన బొమ్మ మీదే కవాటం చుట్టూ అందాజుగా గీత గీసింది. లీకు పద్దెనిమిది శాతం. గుండె డాక్టరు చూసి, "చిన్నదే, ఆపరేషన్ అక్కర్లేదు, ఏడాది తర్వాత రండి," అన్నాడు.

ఇరవయ్యో రోజున పెద్దావిడ కుట్టుమిషన్ మీదే వాలిపోయి ప్రాణం వదిలింది. ఆ సంగతి చెప్పింది ఆవిడ భర్త, దారిన పోతూ ఆగి. "నువ్వు బాగా చూసుకున్నావట తల్లీ, చెప్పింది," అని చేతులు జోడించాడు కూడా. టెక్నీషియన్ తేలు కుట్టిన దొంగలా నించుంది. డాక్టరుకి చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ముద్ద దిగడం లేదు.

బటన్ నొక్కింది. యంత్రం ధనధనా కొట్టడం మొదలుపెట్టింది.

తెర మీద ప్రవాహం చూపే గీత లేచింది. పడింది. మళ్ళీ లేచింది...

సీసాలో నీళ్ళు ముందుకి పోతున్నాయి. సగానికి సగం వెనక్కి వస్తున్నాయి.

నలభై ఆరు శాతం.

"ఛీ, పాడైనట్టుంది," అని స్కాన్ ఆపేసింది. చప్పుడు ఆగింది. గీత ఆగలేదు... ఎక్కడిదో కుట్టుమిషన్ నూనె వాసన గదంతా కమ్ముకుంది.

లోపలి మాటలు వినిపించే స్పీకర్లో గుసగుస.

"ఈసారి బిగబట్టానమ్మా..."

తలెత్తి చూసింది. అద్దం అవతల బల్ల మీద సీసా తప్ప ఎవరూ లేరు.

"సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది పెద్దమ్మా..." ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ రోజు రాలేదు. అబద్ధం చెప్పాను. నీ ఉసురు పోసుకున్నాను. క్షమించు."

"నాకెందుకమ్మా చెప్పడం... డాక్టరు గారికి చెప్పు."

పై అంతస్తులో గుండె డాక్టరుకి ఫోన్ చేసింది. అంతా కక్కేసింది. అలుక్కుపోయిన బొమ్మ, గీసిన గీత, ఆకలి. పెద్దావిడ పోయిందన్న మాట మాత్రం చెప్పలేకపోయింది.



"తప్పు పెద్దదే," అన్నాడు డాక్టరు. "ఇప్పటికైనా చెప్పావు, ఇంకా నయం. ఆవిడ నా ఎదురుగానే కూర్చుంది. ఆపరేషన్‌కి తేదీ ఇవ్వమంటోంది."

"సార్... ఎవరు?"

"అదే, ఆ బట్టలు కుట్టే ఆవిడ. తోడు ఎవరొస్తారమ్మా అంటే, నువ్వొస్తావంటోంది."