అదే, పుట 212

తడి చొక్కాలు తీగ మీద ఆరేస్తూ ఆమె గొణుక్కుంటోంది.

"రచయిత పేరు, కామా. పుస్తకం పేరు, కామా. అచ్చయిన ఊరు, సంవత్సరం, కామా. పుట."

కామా వచ్చినప్పుడల్లా ఒక క్లిప్పు పెడుతోంది. నాన్న చొక్కాలన్నీ ఒక పక్క, దుప్పట్లన్నీ ఇంకో పక్క. తీగకి ఈ చివరా ఆ చివరా జానెడు ఖాళీ.

"ఏమే, అవి బట్టలా, ప్రార్థనకి నిలబెట్టిన బడిపిల్లలా?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"మార్జిన్ వదలాలి కదమ్మా."

"ఏం వదలాలి?"

"అంచు. వదలకపోతే స్కేలు వెనక్కి పంపిస్తాడు."

ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు ఆగింది. అంటే నాన్న వింటున్నాడు.

ఆయన దర్జీ. మాటలు చాలా పొదుపు. ఏదైనా వద్దనుకుంటే మాత్రం అరగంట మాట్లాడతాడు, ఒక్కో కారణమూ టేపుతో కొలిచినట్టు చెబుతాడు. సరే అనుకుంటే పెదవి విప్పడు. చెప్పులేసుకుని వెళ్ళి ఆ పని చేసుకొస్తాడు. ఆమె పైచదువు మాటెత్తిన రోజున అమ్మ వాదనకి సిద్ధపడి గొంతు సవరించుకునేలోపే ఆయన గుమ్మం దాటేశాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో కాలేజీ అప్లికేషను ఉంది.

"స్కేలెవరు?" అంది అమ్మ.

"వ్యాసాలు తనిఖీ చేసే ఆయన. రెండుసార్లు తిప్పి పంపాడు."

"అతనికి నీ మీద ఏం కక్ష?"

"నా మీద కాదు, నా కామాల మీద."

మిషను మళ్ళీ మొదలైంది.

*

స్కేలు అన్నది విద్యార్థులు పెట్టిన పేరు. యూనివర్సిటీ తనిఖీ సెక్షన్‌లో తాత్కాలిక ఉద్యోగి. జేబులో పెన్నుకి బదులు చిన్న స్టీలు స్కేలు ఉంటుంది. వ్యాసం చేతికివ్వగానే ముందు అంచులు కొలుస్తాడు, తర్వాత వరసల మధ్య దూరం చూస్తాడు, ఆ తర్వాతే మనిషి మొహం చూస్తాడు.

ఆమెకీ ఒక పేరుంది. క్లాసులో అందరూ ఫుట్‌నోట్ అంటారు. ఎప్పుడో గాని మాట్లాడదు, మాట్లాడినా కింద చిన్న అక్షరాల్లో మాట్లాడినట్టు ఉంటుంది. పల్లెటూరి బళ్ళో చదువుకుంది. అక్కడ పుస్తకాలు తక్కువ, అందుకని చదివిన ప్రతి మాటా ఎక్కడ చదివిందో గుర్తుపెట్టుకోవడం అలవాటైపోయింది.

పొడుపుకథల్లో ఇంటి సామాను గురించి ఆమె వ్యాసం. అది నిలబడితే పరిశోధనకి సీటు వస్తుంది. నిలబడకపోతే చదువు అక్కడితో సరి.

ఆ మధ్యాహ్నం మూడోసారి కౌంటరు దగ్గర నిలబడింది. అతను స్కేలు పెట్టి కొలిచాడు.

"ఎడమ అంచు సరిపోయింది," అన్నాడు.

"అంత దిగులుపడకండి. లోపల ఇంకేదో దొరుకుతుంది లెండి."

అతను తలెత్తి చూశాడు. ఇంత మెల్లగా వెక్కిరించే మనిషిని ఇదే మొదటిసారి చూడటం. గబుక్కున మళ్ళీ కాగితాల్లోకి దిగాడు.

"ఇదిగోండి. తాళాన్నీ తాళంచెవినీ పొడుపుకథల్లో మొగుడూ పెళ్ళాలుగా చెబుతారని రాశారు. ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతారండీ."

"అందరూ అంటే ఇంటిపేరేంటి? ఏ సంవత్సరం అచ్చు?"

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది, సగమే ఆగింది.

"ఒక చిన్న పుస్తకంలో ఉంది. నలభయ్యో పుట."

"అయితే ఇక్కడ దానికో నోటు పెట్టండి. ఇవాళే ఆఖరు. ఆ మూల కంప్యూటరు ఖాళీగా ఉంది."

ఆమె వెళ్ళి కూర్చుంది. ఆ పేజీ అడుగున అప్పటికే రెండు నోట్లున్నాయి. మొదటిది ఈ విషయంలో అందరూ పెద్దాయన అని పిలిచే పండితుడి పుస్తకం పేరు. పొడుపుకథల మీద అంతటి పుస్తకం ఇంకోటి లేదు, దిండులా తలకింద పెట్టుకోవచ్చు. రెండోది 'అదే, పుట 212'. ఒకే పుస్తకాన్ని వెంటవెంటనే రెండుసార్లు చెప్పాల్సొస్తే రెండోసారి పేరంతా రాయక్కర్లేదు. 'అదే' అంటే చాలు, సరిగ్గా పైనున్నదే అని అర్థం. ఆమెకి ఆ మాటంటే ఇష్టం. మాటలు తక్కువ మాట్లాడేవాళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది.

తాళంచెవి మాట సరిగ్గా ఆ రెండింటి మధ్య వచ్చింది. నోటు పెట్టింది, ప్రింటు తీసింది. అతను అంచులు మళ్ళీ కొలిచి ముద్ర వేశాడు.

"ఒక మాటండీ," అన్నాడు ముద్ర పక్కన పెడుతూ. "మీ వ్యాసం రెండోసారి చదివింది తనిఖీకి కాదు."

"మరి?"

"అంచుల లోపల ఏముందో చూద్దామని."

బయట వాన మొదలైంది. ఆమె గొడుగు తెరవడం మర్చిపోయి బస్సుదాకా నడిచింది.

*

వారం తిరిగేసరికి పిలుపొచ్చింది. డిపార్ట్‌మెంట్ హెడ్ గదిలో దిండంత పుస్తకం రాసిన పెద్దాయన స్వయంగా కూర్చుని ఉన్నాడు. వ్యాసాలకి పరీక్షకుడు ఆయనే. బల్ల మీద ఆమె వ్యాసం తెరిచి ఉంది.

"ఈ వాక్యం నాది," అన్నాడు పెద్దాయన. "దీనికోసం ముప్ఫై ఊళ్ళు తిరిగాను. నువ్వు కింద ఎవరి పేరు వేశావో చూడు."

ఆమె చూసింది. పైన పెద్దాయన పుస్తకం. దాని కింద తాళంచెవి నోటు, చిన్న పుస్తకం పేరు. దాని కింద 'అదే, పుట 212'.

మధ్యలో ఇంకో నోటు దూరింది. 'అదే' ఇప్పుడు పెద్దాయన వైపు కాదు, చిన్న పుస్తకం వైపు వేలు చూపిస్తోంది.

"కాపీ కొట్టి ఉంటే పోనీలే అనుకునేవాణ్ణి," అన్నాడు పెద్దాయన. "నా వాక్యం తీసుకెళ్ళి వాడి ఒళ్ళో కూర్చోబెట్టావు. అసలు వాడి ఒళ్ళోనా?"

ఆ చిన్న పుస్తకం రాసినాయనకీ ఈయనకీ ఇరవై ఏళ్ళుగా పడదన్న సంగతి డిపార్ట్‌మెంట్‌లో గోడలకి కూడా తెలుసు.

"ఆధారాలు తారుమారైన వ్యాసానికి సీటివ్వడం కష్టమమ్మా," అన్నాడు హెడ్, పాపం అన్నట్టుగానే.

ఫైలు పట్టుకొచ్చి గోడవారన నిలబడ్డ స్కేలు అప్పుడు ముందుకొచ్చాడు.

"తప్పు నాదండీ. ఆ నోటు పెట్టమన్నది నేను. కింద 'అదే' ఉందని చూడకుండా ముద్ర వేసిందీ నేనే."

"నీది తాత్కాలిక ఉద్యోగం. గుర్తుందా?" అన్నాడు హెడ్.

"ఉందండి."

"అయినా చెబుతున్నావు."

"ఎవరు చెప్పిన మాటకి వాళ్ళ పేరే ఉండాలి కదండీ. తప్పుకైనా అంతే."

ఆమె అతని వైపు చూసింది. చొక్కా పైగుండీ ఊడిపోతూ ఒక్క దారం మీద వేలాడుతోంది. ఎందుకో ఆ గుండీని చూడగానే ఆమెకి భయం పోయింది.

"కాదండీ," అంది. "ఆయన పెట్టమన్నది సరైన నోటే. పెట్టాక కింద చూసుకోవాల్సింది నేను. కానీ నేను మీ వాక్యం ఎవరికీ ఇచ్చెయ్యలేదు సార్. చూపిస్తాను."

గదిలో అందరూ ఆమెనే చూశారు. ఆ గొంతు పేజీ అడుగునుంచి కాదు, సరిగ్గా మధ్యలోంచి వచ్చింది.

"ఆ చిన్న పుస్తకం మీ దగ్గరుందా సార్?"

"నా గడప తొక్కనివ్వను దాన్ని."

స్కేలు అప్పటికే లైబ్రరీకి పరిగెత్తాడు. వగరుస్తూ తిరిగొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టాడు. అరచేతిలో ఇమిడేంత పుస్తకం.

"ఆఖరి పుట ఎంతండీ?" అడిగింది ఆమె.

హెడ్ తిప్పి చూశాడు. "తొంభై ఆరు."

"నా నోట్లో ఎంతుంది?"

"అదే, పుట..." హెడ్ ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. "రెండువందల పన్నెండు."

"తొంభై ఆరు పుటల పుస్తకంలో రెండువందల పన్నెండో పుట ఎక్కడినుంచి వస్తుందండీ? ఇప్పుడు సార్ పుస్తకం తెరవండి."

పెద్దాయన తన పుస్తకాన్ని తానే తెరిచాడు. రెండువందల పన్నెండు. తన వాక్యం తనవైపు చూస్తూ అక్కడే ఉంది. చాలాసేపు చూసుకున్నాడు. తర్వాత ఆయన బుగ్గలు నెమ్మదిగా ఉబ్బాయి, భుజాలు కదిలాయి, గది దద్దరిల్లేలా నవ్వాడు.

"దొంగతనం చేసేవాళ్ళు పుట నంబరు వేసి పోరమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "తొంభై ఆరు పుటలేనా వాడిది? ఇన్నాళ్ళూ నేను నూటయాభై అనుకున్నాను." ఆ ఆనందం ఆయన దాచుకోలేకపోయాడు. "ఇంతకీ నా పుస్తకం రెండువందల పన్నెండో పుటదాకా చదివావా నిజంగా?"

"చివరిదాకా చదివానండీ. రెండుసార్లు."

పెద్దాయన హెడ్ వైపు తిరిగాడు. "ఈ పిల్లకి సీటు రాయండి. నా దగ్గరే చేస్తుంది. ఆ 'అదే' కొట్టేసి నా పేరు పూర్తిగా వెయ్యమనండి, అక్షరం తగ్గకుండా." తర్వాత స్కేలుని చూశాడు. "నువ్వు నాయనా, అంచులు మానేసి అడుగుదాకా చూడటం నేర్చుకో. ఉద్యోగానికేం కాదులే."

*

వరండాలో వాన జల్లు లోపలికి కొడుతోంది. ఇద్దరూ ఒకే స్తంభం వెనక నిలబడ్డారు, స్తంభం ఇద్దరికి సరిపోవడం లేదు.

"మీరు లోపల మాట్లాడుతుంటే..." అన్నాడు అతను, ఆగాడు. జేబులో స్కేలు సర్దుకున్నాడు. "నేనొకటి చెప్పాలండీ. దానికి ఆధారాలు చూపించలేను. పుస్తకం లేదు, పుట లేదు."

"చెప్పండి. తనిఖీ చేస్తాను."

"మీరంటే నాకిష్టం."

వాన ఇంకాస్త గట్టిగా పడింది. ఆమె గొడుగు తెరిచింది, మెట్లు దిగింది, మూడో మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"అదే," అంది.

"అదే అంటే?"

"మధ్యలో ఇంకో నోటేదీ దూరలేదు కదా. పైన ఏముందో చూసుకోండి."

వెళ్ళిపోయింది. అతను అక్కడే నిలబడి పైన ఏముందో చూసుకున్నాడు. ఇంకోసారి చూసుకున్నాడు. తడుస్తున్నాడన్న సంగతి చాలాసేపటికి గాని తెలియలేదు.

*

ఆదివారం వాన పడుతూనే ఉంది. చేతిలో కాగితం పొట్లంతో దర్జీ ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు స్కేలు.

"చొక్కా కుట్టాలండీ."

నాన్న టేపు అందుకున్నాడు. కిటికీ పక్కన ఉతికిన బట్టలు మడతపెడుతున్న ఆమె తల ఎత్తలేదు. ఒకటే తువ్వాలుని నాలుగోసారి మడతపెడుతోంది.

"ఎవరే ఈ అబ్బాయి?" గుసగుసగా అడిగింది అమ్మ.

"స్కేలు."

"కామాల మీద కక్షున్నవాడా?" అమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మనిషి నిటారుగానే ఉన్నాడు."

నాన్న అతని భుజాలు కొలుస్తున్నాడు. జీవితంలో మొదటిసారి తననొకరు కొలుస్తుంటే స్కేలుకి చెమట పట్టింది.

"ఎక్కడికి, ఈ చొక్కా?" అడిగాడు నాన్న. ఆయన ఒక్కరోజులో వాడే మాటల్లో సగం అక్కడే అయిపోయాయి.

"పెళ్ళికండీ."

"ఎవరి పెళ్ళి?"

"నాదేనండీ. అంటే, మీరు సరేనంటే."

టేపు అతని మెడ చుట్టూ ఆగింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇల్లెక్కడ?"

"పోస్టాఫీసు పక్క సందులో, పచ్చగేటండీ. అమ్మా నాన్నా ఇంట్లోనే ఉంటారు. వాళ్ళకి చెప్పాను. ముందు మీతో మాట్లాడమన్నారు."

నాన్న టేపు తీసి తన మెడలో వేసుకుని కూతురి వైపు తిరిగాడు.

"నీకు?"

ఆమె తువ్వాలు కింద పెట్టి లేచి నిలబడింది.

"అదే నాన్నా."

"అదేంటే, అదే అంటే ఏదే?" అంది అమ్మ.

"ఆయన చెప్పిందే అమ్మా. నాదీ అదే."

ఇక నాన్న ఏమంటాడోనని అందరూ ఆయన వైపే చూశారు. అరగంట మాట్లాడతాడేమోనని ఆమె భయం. ఆయన స్కేలు చొక్కాకి వేలాడుతున్న గుండీని చూశాడు. సూదిలో దారం ఎక్కించి, అతని ఒంటిమీదే దాన్ని గట్టిగా కుట్టాడు, దారం కొరికి తెంపాడు. టేపు ఆయన మెడలోనే ఉండిపోయింది.

"కోపం వచ్చిందంటారా?" అన్నాడు స్కేలు చిన్నగా.

ఆమె చెయ్యి పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేసింది. ఆమె కళ్ళు గుమ్మం పక్కనున్న చెప్పుల మీదున్నాయి.

"ఏమండీ, ఒక్క మాటైనా అనండి. పిల్లాడు చెమటతో తడిసిపోతున్నాడు," అంది అమ్మ.

నాన్న చెప్పులేసుకున్నాడు. మూలనున్న గొడుగు తీసుకున్నాడు. ఒక్క మాట కూడా అనకుండా వానలోకి దిగి, గేటు తీసి, పోస్టాఫీసు వైపు తిరిగాడు.